రోడ్ ట్యాక్స్ సున్నా, పెట్రోలు 107... అయినా ఎలక్ట్రిక్ కారు ఎందుకు కొనట్లేదు జనం?

నిజాంపేట_నివాసి
కారు మార్చాలని షోరూంల చుట్టూ తిరుగుతున్నా. తెలంగాణలో ఈవీకి (ఎలక్ట్రిక్ బండికి) రోడ్ ట్యాక్స్ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు, 2026 డిసెంబర్ 31 దాకా. జీఎస్టీ 5 శాతమే. పెట్రోలు లీటరు 107 దాటి కూర్చుంది. ఈ లెక్కన ఈపాటికి సగం కాలనీలో ఈవీలే తిరగాలి. మా సెల్లార్‌లో చూస్తే ఒక్కటంటే ఒక్కటి ఉంది. అది కూడా ఆయన ఎక్కడో బయట ఛార్జ్ చేసుకొచ్చి పార్క్ చేస్తాడు. 2024లో దేశం మొత్తమ్మీద అమ్ముడైన కార్లలో ఈవీలు వందకి రెండున్నర. 2025లోనూ నాలుగు దగ్గరే ఆగింది. ఎందుకింత నత్తనడక? రేంజ్ (ఒక్క ఛార్జింగ్‌తో పోయే దూరం) అని మాత్రం చెప్పకండి, ఇప్పుడొచ్చేవాటికి బ్రోచర్లో 400 పైనే రాస్తున్నారు. కొన్నవాళ్లు, కొనబోయి ఆగిపోయినవాళ్లు అసలు సంగతేంటో చెప్పండి.

డీజిల్_బాబాయ్
జనానికి బుర్ర ఉంది. అదీ కారణం.

ప్లగ్గుపిచ్చయ్య
థ్రెడ్ తెరిచి రెండు నిమిషాలు కాలేదు, బాబాయ్ హాజరు 😀

బెజవాడ_బైపాస్
రేంజ్ సంగతి ఎత్తొద్దంటే ఎలాగండీ. నాది 2020 మోడల్, 30.2 కిలోవాట్ అవర్ (అంటే 30 యూనిట్ల) బ్యాటరీ, బ్రోచర్లో 312 కి.మీ. ఏసీ వేసుకుని హైవే మీద 90లో పోతే 200 వస్తే గొప్ప. హైదరాబాద్ నుంచి విజయవాడ 275. అంటే మధ్యలో ఆగాల్సిందే. సూర్యాపేటలో టిఫినుకి ఎలాగూ ఆగుతాం, ఆగడం ఇబ్బంది కాదు. ఛార్జర్ దగ్గరికెళ్తే నీడ బాగుందని ఎవడో పెట్రోలు కారు పెట్టేసి లోపల దోసె తింటుంటాడు. వాణ్ణి వెతికి పట్టుకుని, బండి తీయించి, ఛార్జింగ్ గన్ను పెడితే యాప్‌లో "సర్వర్ ఎర్రర్". పక్క ఛార్జర్‌కి ఇంకో కంపెనీ యాప్. అది దించుకుని, వాలెట్లో డబ్బులేసి, ఓటీపీ వచ్చేలోపు పిల్లలు ఐస్‌క్రీం కూడా కానిచ్చేస్తారు. నా ఫోన్లో ఈవీ యాపులకు ఒక ఫోల్డరే ఉంది. ఒక్కో వాలెట్లో వందో నూటయాభయ్యో ఇరుక్కుపోయి ఉన్నాయి. అవి వాడాలంటే మళ్లీ ఆ ఛార్జర్ ఉన్న ఊరికే పోవాలి.

ఓరుగల్లు_పోరడు
గా పెట్రోల్ బండ్లోళ్ల లొల్లి నిజమే అన్నా. హన్మకొండల ఒక మాల్ కాడ గట్లనే ఉంటది. సెక్యూరిటాయన్ని అడిగితే "పచ్చ రంగేసిండ్రు కదా సార్, వీఐపీ పార్కింగ్ అనుకున్న" అన్నడు.

లెక్కల_మాస్టారు
కాగితం మీద పెట్టి చూద్దాం. ఒకే సైజు బండ్లు తీసుకోండి. పెట్రోలుది ఎక్స్-షోరూం 8.5 లక్షలు, ఈవీ 12 లక్షలు అనుకుందాం. తేడా మూడున్నర. పెట్రోలు బండికి లైఫ్ ట్యాక్స్ 14 శాతం చొప్పున 1.19 లక్షలు, ఈవీకి సున్నా. దాంతో తేడా 2.3 లక్షలకు దిగింది. పెట్రోలు బండి 15 ఇస్తే కి.మీ.కి ఏడు రూపాయల పైన. ఈవీ యూనిట్‌కి 7 కి.మీ. ఇస్తే, ఇంటి కరెంటు యూనిట్ 9 వేసుకున్నా, కి.మీ.కి రూపాయి ముప్పై. మిగిలేది 5.80. అంటే 40 వేల కి.మీ. తిరిగాక మీరు ఎక్కువ పెట్టింది తిరిగొచ్చినట్టు.

నెలకి 1500 తిరిగేవాడికి అది రెండేళ్ల పైచిలుకు. నెలకి 700 తిరిగేవాడికి ఐదేళ్లకు దగ్గర. ఇంట్లో ప్లగ్ లేక బయట ఫాస్ట్ ఛార్జింగ్ మీద బతికేవాడికి యూనిట్ 22 దాకా పడుతుంది, వాడికి మిగిలేది కి.మీ.కి నాలుగే. 700 తిరిగితే ఏడేళ్లు. ఏడేళ్లకి మనవాళ్లు కారే మార్చేస్తారు.

ఈవీ కొనగలిగిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు వారానికి రెండ్రోజులు ఆఫీసుకెళ్తాడు. రోజూ 60 కి.మీ. తిరిగే మెడికల్ రెప్‌కి 12 లక్షల బండి కొనే స్తోమత లేదు. మీ నత్తనడకకి సగం కారణం ఇదే.

డీజిల్_బాబాయ్
మాస్టారూ, ఆ లెక్కలో 2025 సెప్టెంబర్ 22 మర్చిపోయారు. నాలుగు మీటర్ల లోపు పెట్రోలు బండ్లకి జీఎస్టీ 28, పైన సెస్సు ఉండేది కాస్తా 18 అయింది. ఈవీ 5 దగ్గరే ఉంది, దిగడానికి ఇంకేం మిగిలింది? తేడా మళ్లీ పెరిగింది.

లెక్కల_మాస్టారు
నేను వేసిన 8.5 తగ్గాక రేటే బాబాయ్. తగ్గక ముందు తేడా ఇంకా తక్కువుండేది, అంతవరకు మీ మాట ఒప్పుకుంటా. ఇంకో చోద్యం చూడండి. ఈవీ కారు మీద జీఎస్టీ 5. అదే కారుకి బయట ఛార్జింగ్ పెడితే ఆ బిల్లు మీద 18.

ప్లగ్గుపిచ్చయ్య
లెక్క బానే ఉంది గానీ సర్వీసింగ్ కలపలేదు. ఇంజిన్ ఆయిల్ లేదు, క్లచ్ లేదు, టైమింగ్ బెల్టు లేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మోటారే జనరేటర్‌లా మారి (రీజెన్ అంటారు) బండిని ఆపుతుంది, బ్రేక్ ప్యాడ్లు అరగనే అరగవు.

బెజవాడ_బైపాస్
టైర్లు అరుగుతాయిగా. బండి బరువు, పైగా ఆ టార్క్. బ్రేకుల్లో మిగిల్చింది టైర్ల షాపులో కక్కాను.

గోదారిగట్టు
మీరంతా హైవే, యాపులు అంటున్నారు గానీ మావైపు గోల వేరండి. మాది అమలాపురం పక్కన పల్లె. సొంతిల్లు, కావలసినంత జాగా, ఇంకేముంది అని కొన్నాం. డీలరు కుర్రాడొచ్చి 15 యాంప్స్ సాకెట్లో ఛార్జర్ డబ్బా పెట్టగానే ఎర్రలైటు. ఇంకో గదిలో పెడితే అక్కడా ఎర్రలైటే. బండి పాడైందేమోనని మా నాన్నగారు కంగారు. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెట్టి "ఇంట్లో ఎర్తే లేదండి, మీ తాతగారు కట్టించినప్పుడు మూడో పిన్ను ఉత్తుత్తినే పెట్టారు" అన్నాడు. అన్నేళ్లుగా ఫ్రిజ్జు, మోటారు అన్నీ అలాగే నడిచాయన్నమాట!

పెరట్లో మనిషి లోతు గొయ్యి తీసి, జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, నీళ్లు పోసి రాగి తీగ లాక్కొచ్చాడు. అప్పుడు వెలిగింది పచ్చలైటు. ఎండాకాలం ఆ గొయ్యిలో బిందెడు నీళ్లు పోస్తూ ఉండాలి. మా అమ్మ తులసికోటకి పోసొచ్చి, అటు నుంచటే దానికీ పోసొస్తుంది.

వోల్టేజీ ఇంకో బాధ. సాయంత్రం మోటార్లన్నీ ఒకేసారి వేస్తే 180కి పడిపోద్ది, ఛార్జింగ్ ఆగిపోద్ది. రాత్రి పదకొండు దాటాక పెడితే తెల్లారేసరికి ఫుల్లు. బండి మాత్రం బంగారం, అమలాపురం, రాజోలు, కాకినాడ ఎన్నిసార్లు తిరిగినా పెట్రోలు బంకు గడప తొక్కలేదు.

ఓరుగల్లు_పోరడు
మొక్కకు పోసినట్టు ఎర్తింగ్‌కు నీళ్లు పోసుడు 😂 అమ్మకు దండం అన్నా.

మియాపూర్_మూడో_ఫ్లోర్
గోదారిగట్టు గారికి గొయ్యి తవ్వుకునే స్వేచ్ఛైనా ఉంది. మేం 80 ఫ్లాట్లవాళ్లం. నా స్లాట్ సెల్లార్-2లో ఒక మూల, కరెంటు మీటర్ల గది ఇంకో మూల. నా మీటరు నుంచి నా స్లాట్‌కి కేబుల్ లాక్కుంటా, ఖర్చంతా నాదే, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) ఇవ్వండి అని అసోసియేషన్‌కి లెటర్ పెట్టా. మీటింగులో వచ్చిన అభ్యంతరాలు వరసగా: సెల్లార్‌లో బ్యాటరీ అంటుకుంటే పూచీ ఎవరిది? మీకు ఇస్తే రేపు ఎనభై మంది అడుగుతారు, ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుందా? కేబుల్ ట్రే కామన్ ఏరియాలోంచి పోతుంది, దానికి అద్దె కట్టాలి. చివరికి ఒక పెద్దాయన "వాస్తు ప్రకారం ఆ మూల అగ్ని పనికిరాదు" అన్నారు. నిజంగా అన్నారు, మినిట్స్‌లో కూడా ఎక్కింది.

కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో, ఇంట్లో ఉన్న కనెక్షన్ నుంచే బండి ఛార్జ్ చేసుకోవచ్చని స్పష్టంగా ఉంది. ప్రింటు తీసి చూపించా. "అది ఢిల్లీ సంగతి, ఇది మియాపూర్" అన్నారు సెక్రటరీ గారు.

డబ్బుండి, బుద్ధి పుట్టి, బండి బుక్ చేసి, అడ్వాన్స్ వెనక్కి తీసుకున్నా. రేంజూ కాదు, రేటూ కాదు. రాత్రి బండి నిలబెట్టే చోట ప్లగ్గు లేదు, అంతే.

నిజాంపేట_నివాసి
@మియాపూర్_మూడో_ఫ్లోర్ మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లోంచి కాపీ కొట్టినట్టుంది. మా దాంట్లో వాస్తు ఒక్కటే రాలేదు.

అనంత_ఎండ
వచ్చేస్తాది లేప్పా, ఇంగొక మీటింగ్ కానీ.

డీజిల్_బాబాయ్
అసోసియేషన్ వాళ్ల భయంలో తప్పేముంది? 2022లో స్కూటర్ల బ్యాటరీలు ఎన్ని పేలాయో మర్చిపోయారా? మన విజయవాడలోనే పడగ్గదిలో ఛార్జింగ్ పెడితే పేలి మనిషి పోయాడు.

ప్లగ్గుపిచ్చయ్య
మర్చిపోలేదు బాబాయ్. ఆ తర్వాతే కదా కేంద్రం పరీక్షలు బిగించింది, స్కూటర్లకి ఏఐఎస్-156, కార్లకి ఏఐఎస్-038 అనే భద్రతా ప్రమాణాలు సవరించి. పైగా అప్పట్లో స్కూటర్ల బ్యాటరీల్లో చాలావరకు ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) సెల్స్. ఇప్పుడు మన దగ్గర అమ్ముడవుతున్న కార్లలో ఎక్కువ భాగం ఎల్‌ఎఫ్‌పీ, ఐరన్ ఫాస్ఫేట్. అది అంత తేలిగ్గా అంటుకునే రకం కాదు. అసలు అంటుకోదని నేననను, అంటుకుంటే ఆర్పడం కష్టమే. కానీ అదే సెల్లార్‌లో ట్యాంకు నిండా పెట్రోలుతో డెబ్భై బండ్లుంటే ఎవరికీ నిద్ర చెడట్లేదు.

డీజిల్_బాబాయ్
సరే, ఎనిమిదేళ్ల వారంటీ అయిపోయాక బ్యాటరీ పోతే? నాలుగైదు లక్షలు ఎవరిస్తారు, నువ్విస్తావా?

పాతకార్ల_పరంధామం
ఆ ప్రశ్నకి నేను చెప్తా, నా వ్యాపారమే అది కాబట్టి. పాత పెట్రోలు బండి వస్తే మేం బానెట్ ఎత్తి శబ్దం వింటాం, పొగ చూస్తాం, ఆయిల్ మూత తీసి వేలు పెడతాం, ఐదు నిమిషాల్లో రేటు చెప్పేస్తాం. ఈవీ వస్తే ఏం చూడాలి? వినడానికి శబ్దమే లేదు. బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతమో తెలియాలంటే ఓబీడీ (బండి కంప్యూటర్‌కి తగిలించే స్కానర్) పెట్టి యాప్‌లో చూడాలి, ఆ అంకెని కొనేవాడు నమ్మడు. దాంతో నేను భయపడి తక్కువ చెప్తా, అమ్మేవాడు మొహం మాడ్చుకుని పోతాడు, వెళ్లి నలుగురికీ "ఈవీకి రీసేల్ లేదు" అని చెప్తాడు.

ఇంకోటి, కొత్తవాటి రేట్లు పడిపోవడం. 2024 ఫిబ్రవరిలో టాటా వాళ్లు నెక్సాన్ ఈవీ మీద 1.2 లక్షల దాకా తగ్గించారు. ప్రపంచమంతా బ్యాటరీలు చవకవుతున్నాయి, 2010లో కిలోవాట్ అవర్‌కి వెయ్యి డాలర్లు పైన ఉన్నది 2024కి 115కి దిగింది. కొత్తగా కొనేవాడికి పండగే. నిరుడు కొన్నవాడి బండి విలువ మాత్రం వాడు ఇంట్లో పడుకుని ఉండగానే పడిపోయింది. ఇది చూసినవాడు "ఇంకో ఏడాది ఆగుదాం, ఇంకా తగ్గుతుంది" అంటాడు. మా దగ్గరికి వచ్చి డీజిల్ పట్టుకెళ్తాడు.

ఈ బ్యాటరీ భయం పోగొట్టడానికే ఎంజీ వాళ్లు 2024లో విండ్సర్‌కి బ్యాటరీ అద్దె పద్ధతి తెచ్చారు, బండి మీది, బ్యాటరీకి కి.మీ.కి ఇంత అని. టాటా, మహీంద్రా జీవితకాల వారంటీ అంటున్నాయి, షరతులు చదువుకోండి. అది మొదటి ఓనరుకి.

లెక్కల_మాస్టారు
పరంధామం గారి పోస్టు పిన్ చేయండి ఎవరైనా.

అనంత_ఎండ
మా పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలోనే క్యారెన్స్ క్లావిస్ ఈవీ తయారైతాంది, 2025 జూలైలో వచ్చింది. గేటు బయట నిలబడి చూడండి సామీ, జిల్లా రోడ్ల మీద అంతా డీజిల్ బండ్లే. ఏప్రిల్‌లో మాకు 42, 43 ఎండ. ఎండన పడి వచ్చి ఫాస్ట్ ఛార్జింగ్ పెడితే బ్యాటరీ కూలింగ్ ఫ్యాను బోరు మోటార్ మాదిరి మొత్తుకుంటాది, ఛార్జింగేమో నిదానమైపోతాది. 80 శాతం దాటినాక మరీ. ఆ చివరి ఇరవై కోసం కూచుంటే టీ తాగి, పేపర్ చదివి, పక్కోనితో రాజకీయం మాట్లాడి, కొట్లాట కూడా అయిపోతాది.

ప్లగ్గుపిచ్చయ్య
అందుకే దారిలో 80కి తీసేయాలి అన్నా, 100 దాకా పెట్టకూడదు. వెనకున్నవాడికి కూడా గన్ను దొరుకుతుంది.

క్యాబ్_కబుర్లు
నేను ఎలక్ట్రిక్ సెడాన్ క్యాబ్ నడుపుతా, లోన్ మీద. సీఎన్‌జీ బండికన్నా కి.మీ. ఖర్చు తక్కువే, అది వాస్తవం. కానీ నేను ఉండేది ఉప్పల్‌లో అద్దె గదిలో, బండి గల్లీలో పెడతా. ఓనర్ ప్లగ్గు ఇవ్వడు, మూడో అంతస్తు నుంచి వైరు వేస్తే లైన్‌మేన్ ఊరుకోడు. పొద్దున బండి తీస్తూనే ఛార్జర్ దగ్గర లైను. ఎయిర్‌పోర్ట్ ట్రిప్పు పడే టైముకి 18 శాతం చూపిస్తుంటే గుండె దడ. గంట ఛార్జింగ్ అంటే గంట సంపాదన. మాస్టారు లెక్కలో ఆ గంట ఎక్కడుందో చెప్పండి సార్.

లెక్కల_మాస్టారు
లేదు తమ్ముడూ. అది కలిపితే ఇంటి ప్లగ్గు లేనివాడికి లెక్క ఎప్పటికీ తేలదేమో.

ఫ్రిస్కో_ఫ్రీవే
ఇక్కడ టెక్సాస్‌లో మన తెలుగు సబ్‌డివిజన్లలో గరాజ్‌కి ఒక టెస్లా. అందరికీ సొంత గరాజ్, 240 వోల్టుల లైన్ ఉన్నాయి కాబట్టి. అదే అమెరికాలో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు కొనరు. దేశం మొత్తం చూస్తే 2024లో కొత్త కార్లలో ఈవీలు వందకి ఎనిమిదే. 7,500 డాలర్ల ట్యాక్స్ క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో పోయింది. ఆఖరి వారం షోరూంల్లో మనవాళ్లే, ఆవకాయ జాడీలకి ఎగబడ్డట్టు ఎగబడ్డారు. అక్టోబర్‌లో పలికేవాడు లేడు.

డీజిల్_బాబాయ్
చూశారా, డబ్బులు ఆపితే అమెరికావాడే కొనట్లేదు. పైగా మన కరెంటులో నూటికి డెబ్భై పైన బొగ్గుదే. రామగుండంలో పొగ వదిలి హైదరాబాద్‌లో పచ్చ నంబర్ ప్లేటు పెట్టుకుంటే పర్యావరణం బాగుపడిందా?

గోదారిగట్టు
బాబాయ్ గారూ, నా ముక్కు దగ్గర పొగ తగ్గింది, నాకది చాలండి. పర్యావరణం కోసం మావూళ్లో ఎవరూ కారు కొనరు, ఖర్చు తగ్గుద్దని కొంటారు.

ప్లగ్గుపిచ్చయ్య
బొగ్గు లెక్కలోనూ ఈవీదే పైచేయి. ఇంజిన్‌లో తగలబడే పెట్రోలులో పావు, మహా అయితే మూడోవంతు చక్రానికి చేరుతుంది, మిగతాది వేడి. మోటారు అందుకున్న కరెంటులో నూటికి ఎనభై పైన చక్రానికి ఇస్తుంది. పైగా కరెంటులో సోలారు ఏటా పెరుగుతోంది, బండి పాతబడేకొద్దీ దాని కరెంటు శుభ్రపడుతుంది. పెట్రోలు బండికి అది జరగదు.

ఇక డబ్బులు ఆపితే కొనరన్నారు, నార్వే చూడండి. 2024లో కొత్త కార్లలో 89 శాతం ఈవీలు. మంచులో బ్యాటరీ రేంజ్ పడిపోతుంది, తెలిసే కొన్నారు. ఏళ్ల తరబడి ఈవీ మీద 25 శాతం వ్యాట్ వదిలేసి, పెట్రోలు కార్ల మీద పన్ను వాత పెట్టారు. ఎక్కువమంది ఇంటి దగ్గరే ఛార్జ్ చేసుకుంటారు. మన దగ్గర పన్నుల పని సగం చేశాం, ఇంటి దగ్గర ఛార్జింగ్ పని అసలు మొదలెట్టలేదు. కేంద్రం ఫేమ్-2 సబ్సిడీ పథకంలో కార్లంటే క్యాబ్‌లకే ఇచ్చారు, దాని తర్వాత వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో సొంత కార్లకి పైసా లేదు.

పాతకార్ల_పరంధామం
ఓ పాత కబురు. బెంగళూరులో 2001లోనే రేవా అనే ఎలక్ట్రిక్ కారు వచ్చింది, లండన్ వీధుల్లో కూడా తిరిగింది. మన దగ్గర కొన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంకా వెనక్కి పోతే, అమెరికాలో 1900 ప్రాంతంలో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే బాధ ఉండదని డాక్టర్లు, ఆడవాళ్లు ఎలక్ట్రిక్ బండ్లే కొనేవారట. 1912లో క్యాడిలాక్ సెల్ఫ్ స్టార్టర్ తెచ్చింది, అక్కణ్నుంచి ఎలక్ట్రిక్ బండి పని అయిపోయింది.

డీజిల్_బాబాయ్
అంటే వందేళ్ల కిందటే ఓడిపోయిన బండి అన్నమాట. థాంక్యూ పరంధామం గారూ 😎

ఓరుగల్లు_పోరడు
నాదొక డౌట్. మహబూబ్‌నగర్ కాడ దివిటిపల్లిల అమర రాజా వాళ్లు లిథియం సెల్ ఫ్యాక్టరీ కడుతున్రు కదా, 9,500 కోట్లు అని 2023ల శంకుస్థాపన చేసిండ్రు. గా ఫ్యాక్టరీ మొత్తం నడిస్తే బండి రేటు తగ్గుతదా?

లెక్కల_మాస్టారు
కొంత తగ్గొచ్చు. కానీ సెల్ మన దగ్గర చేసినా లోపలి ముడిసరుకు చాలావరకు చైనా నుంచే రావాలి. 2025 ఏప్రిల్‌లో వాళ్లు మోటార్లలో వాడే రేర్ ఎర్త్ మాగ్నెట్ల మీద ఆంక్షలు పెడితే ఇక్కడి మోటార్ల తయారీదార్లకి చెమటలు పట్టాయి.

నిజాంపేట_నివాసి
అందరివీ చదివాక నాకు తేలిందేంటంటే, షోరూం వదిలి ముందు అసోసియేషన్ ఆఫీసుకి పోవాలి. సొంత మీటరు నుంచి కాకుండా విడిగా ఈవీ మీటరు పెట్టుకుంటే వాళ్లకి అభ్యంతరం తగ్గుతుందా? ఎవరైనా చేశారా?

మణికొండ_మీటరు
మేం చేశాం, ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నా. ఒక్కడివే వెళ్లి "నాకు ఎన్‌ఓసీ ఇవ్వండి" అనకు. బ్లాకులో ఈవీ కొనే ఆలోచన ఉన్న నలుగురైదుగురిని పోగేసుకో. అందరికీ కలిపి ఈవీ ఛార్జింగ్ కేటగిరీలో విడి కనెక్షన్‌కి కరెంటాఫీసులో అప్లై చేశాం. ఇంటి మీటరు మీద పెడితే నెలకి ఓ వంద యూనిట్లు కలిసి స్లాబ్ ఎగిరిపోతుంది, ఇందులో ఆ బాధ లేదు. మీటర్ల గదిలో ఒక ప్యానెల్, అక్కణ్నుంచి ఆర్మర్డ్ కేబుల్ ట్రేలో స్లాట్ల దాకా, ఒక్కో స్లాట్‌కి సబ్ మీటరు, లోడు ఎక్కువైతే ట్రిప్ అయ్యే ఎంసీబీ, లీకేజీ వస్తే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ. పూచీ ఎవరిదన్న ప్రశ్నకి ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ సర్టిఫికెట్, బండ్ల ఇన్సూరెన్స్ కాపీలు ఫైల్లో పెట్టాం. ట్రాన్స్‌ఫార్మర్ భయానికి, రాత్రి 11 నుంచి 5 మధ్యే ఛార్జింగ్ అని మేమే రాసిచ్చాం. 3.3 కిలోవాట్ల పాయింట్లే పెట్టాం, 7.2 అడిగి గొడవ తెచ్చుకోలేదు. ఊళ్లో తిరుగుడుకి రాత్రంతా 3.3 ధారాళంగా సరిపోతుంది.

నాలుగు బండ్లు ఉన్నప్పుడు మొదలైంది. ప్లగ్గు కనపడగానే మిగతావాళ్లు అడగడం మొదలెట్టారు. మా సెక్రటరీ గారు కూడా ఈ మధ్య బుక్ చేశారు.

మియాపూర్_మూడో_ఫ్లోర్
@మణికొండ_మీటరు ఆ అప్లికేషన్, కాంట్రాక్టర్ సర్టిఫికెట్ నమూనా పేర్లు చెరిపేసి ఇక్కడ పెట్టగలరా? వాస్తు పెద్దాయనకి ఏం చెప్పారు?

మణికొండ_మీటరు
పెడతా, రేపు స్కాన్ చేసి. మాకు వాస్తు రాలేదండి. మీరు ప్యానెల్ ఆగ్నేయంలో పెడతామనండి, అది అగ్ని మూలే కదా.

అనంత_ఎండ
😂😂 ఇది పిన్ చేయండప్పా, మాస్టారి లెక్క తర్వాత.

డీజిల్_బాబాయ్
అంతా బానే ఉంది. ఈ సంక్రాంతికి విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ లైన్లో 15 శాతం ఛార్జింగ్‌తో ఇరుక్కున్నవాడు ఫోటో పెట్టండి, నేను డీజిల్ క్యాన్ పట్టుకుని పరామర్శకి వస్తా.

బెజవాడ_బైపాస్
లైన్లో ఆగితే మా బండి తాగేది ఏసీకి ఎంత కావాలో అంతే బాబాయ్, మీ ఇంజినే ఊరికే నెయ్యి తాగుతూ ఉంటుంది. అయినా సంక్రాంతికి నేను రైలే. టికెట్ కన్ఫర్మ్ అయితే.